ఆగక్కా

పొద్దున లేచేసరికి వాన, ఇవాళ ఎవరూ రారేమో అనుకుంటూ మల్కాజిగిరిలో వైకల్యం ఉన్న పెద్దవాళ్లతో మేం శనివారాలు పాటకి కలిసే హాల్‌కి వెళ్తే చిడతలక్క అప్పటికే మెట్ల మీద గొడుగేసుకుని కూర్చుని ఉంది. పదిన్నరకల్లా తొమ్మిదిమందిలో ఏడుగురు వచ్చేశారు.

చిడతలక్క అనేది మేం పెట్టుకున్న పేరు. డౌన్ సిండ్రోమ్, వయసు 34, చిడతలు ఇంకొకళ్ల చేతికి ఇవ్వదు. మా దగ్గర అందరూ అన్న, అక్క, తమ్ముడే. బయటివాళ్లు "మీ పిల్లలు ఎలా ఉన్నారు" అని అడిగితే నాకు చివుక్కుమంటుంది, సగం మందికి జుట్టు నెరుస్తోంది, పిల్లలేంటి! అందుకే నర్సరీ రైమ్స్ జోలికి పోను. 18 దాటాక స్పెషల్ స్కూల్ అయిపోయి ఇంటికీ టీవీకీ పరిమితమైనవాళ్లే ఎక్కువ, వీళ్లకి పెద్దవాళ్ల పాట కావాలి. మా పాట మేమే కట్టుకున్నాం. "పొద్దున ఏం తిన్నవ్ అన్నా" అని అందరం అడుగుతాం, ఎవరి వంతైతే వాళ్లు మాటతోనో సైగతోనో వాయించో జవాబు చెప్తారు.

డప్పు అన్నకి 41, సెరిబ్రల్ పాల్సీ, అంటే కండరాలు అనుకున్నట్టు కదలవు, మాటలు బాగా తక్కువ. వాడేది ఫైబర్ డప్పు, తోలుది అయితే ఈ వానకి మెత్తబడిపోతుంది, హాల్లో మంట పెట్టి కాచలేం కదా. పిడికిలి పూర్తిగా ముడుచుకోదు కాబట్టి సిర్రకి, అంటే డప్పు కొట్టే పుల్లకి, పాత సైకిల్ ట్యూబ్ ముక్కలు చుట్టి లావు చేశాం, అప్పట్నుంచి జారట్లేదు. కానీ ఎప్పుడూ లేటే అనుకునేదాన్ని. రెండు మూడు సార్లు మోచెయ్యి పట్టుకుని నేనే కొట్టించాను కూడా, తల్చుకుంటే ఇప్పుడు సిగ్గేస్తోంది. తొందరపెడితే ఆ కండరాలు ఇంకా బిగుసుకుంటాయని తెలిసీ చేశాను.

పోయిన వారం ఫోన్‌లో రికార్డ్ చేసింది రాత్రి బట్టలు మడతపెడుతూ విన్నా. ఆయన దెబ్బ ప్రతిసారీ పక్కవాళ్ల వంతు మధ్యలో పడుతోంది, తప్పులాగే వినిపిస్తోంది, ఎందుకో అనుమానమొచ్చి వెనక్కి జరిపి లెక్కపెట్టాను. ప్రశ్న అయ్యాక ఏడో అక్షరం, అంటే తాళంలో ఏడో లెక్క, లేదా ఎనిమిదోది. మళ్లీ విన్నా. అంతే. అంటే ఆయన జవాబు చెప్తూనే ఉన్నాడు, ఇన్నాళ్లూ మేమే ఆగకుండా పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోయాం.

అందుకని ఇవాళ ప్రతి ప్రశ్న తర్వాత ఆది తాళం ఒక ఆవర్తనం, అంటే ఒక పూర్తి చుట్టు, ఖాళీగా వదిలేద్దాం అన్నాను, ఎనిమిది అక్షరాలు, ఆయనొక్కడికే కాదు అందరికీ. చేత్తో ఒక దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, తర్వాత దెబ్బ, తిప్పు, దెబ్బ, తిప్పు. డప్పు శబ్దం పడక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని తలుపు దగ్గర కూర్చునే తమ్ముడు ఉన్నాడు, ఆటిజం, వేళ్ల లెక్క అందరికంటే కరెక్ట్‌గా పట్టుకున్నది అతనే.

డప్పు అన్న వంతు వచ్చింది. అడిగాం. ఐదో అక్షరానికే అలవాటు కొద్దీ నా నోరు పక్కవాళ్ల పిలుపుకి తెరుచుకుంది, చిడతలక్క టక్కున నా మోకాలి మీద అరచెయ్యి వేసి "ఆగక్కా" అంది. ఆరు. సిర్ర లేచింది, భుజం వణుకుతోంది, అందరి కళ్లూ అటే. ఏడు. దబ్! వెనక కుర్చీలోంచి వాళ్లమ్మ "పెసరట్టు తిన్నాడమ్మా, రెండు" అంది, ఇంకేం, "రెండు పెసరట్లు, రెండు పెసరట్లు" అని అందరం ఎత్తుకున్నాం. రెండో రౌండ్‌లో నాకు ఎవరూ చెప్పాల్సిన పని పడలేదు.

అయిపోయాక డప్పు అన్న వాళ్లమ్మ సంచిలోంచి గార్డియన్‌షిప్ కాగితాలు తీసింది, కొడుకు తరఫున బాధ్యత చూసేవాళ్లని పెట్టడానికి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద, కలెక్టర్ కమిటీకి పెట్టుకోవాల్సిన అప్లికేషన్. అన్నీ నింపి, గార్డియన్ పేరు దగ్గర మాత్రం ఖాళీగా ఉంచింది. "డబ్బు చూసేవాళ్లు దొరుకుతారమ్మా, అడిగి, వాడు చెప్పేదాకా కూర్చునేవాళ్లు ఎవరున్నారు" అంది. నా దగ్గర జవాబు లేదు, ఆవిడ పక్కన కాసేపు కూర్చున్నా. వచ్చే వారం చుట్టుపక్కల వాళ్లని, చుట్టాల్ని కూడా తీసుకురమ్మని చెప్పాను, పాటలోకి.

వచ్చేటప్పుడు పంక్చర్ షాపులో ఆగాను, సిర్ర మీద ట్యూబ్ ఊడొస్తోంది. ఆ అబ్బాయి ఎందుకని అడిగి, విని, పాత ట్యూబ్ ఒకటి ఊరికే ఇచ్చాడు. రేపు కత్తిరించి చుట్టాలి.