థెస్సలొనీక సంఘం నేర్చుకున్న మెలకువ

ప్రభువైన యేసు తిరిగి వచ్చే రాకడను గూర్చిన మాట వినగానే మన సంఘాల్లో చాలామంది మనసు యుద్ధవార్తల మీదికి, భూకంపాల మీదికి, తేదీల లెక్కల మీదికి పోతోంది. ఫోన్లలో వచ్చే వీడియోలు ఆ ఆత్రుతను ఇంకా పెంచుతున్నాయి. ఇది నన్ను నిజంగా బాధిస్తుంది. అలాంటప్పుడు నేను అపొస్తలుడైన పౌలు థెస్సలొనీకయులకు వ్రాసిన రెండు పత్రికలను, అంటే బైబిల్లోని ఆ రెండు ఉత్తరాలను, మళ్లీ తెరుస్తాను.

థెస్సలొనీక రోమా రాష్ట్రమైన మాసిదోనియలో ముఖ్య పట్టణం, ఓడరేవు. పౌలు అక్కడి యూదుల సమాజమందిరంలో మూడు విశ్రాంతి దినాలు లేఖనాలు వివరించాడు. అల్లరి చెలరేగడంతో రాత్రివేళ తన తోటి సేవకుడు సీలతో కలిసి బెరయకు వెళ్లిపోవలసి వచ్చింది. హింసల మధ్య మిగిలిన ఆ కొత్త విశ్వాసులకు క్రీ.శ. 50-51 ప్రాంతంలో మొదటి పత్రిక వ్రాశాడు. అందులోని 5 అధ్యాయాల్లోనూ చివరి భాగంలో ప్రభువు రాకడ ప్రస్తావన ఉంది. అయితే నాలుగో అధ్యాయాన్ని నిదానంగా చదివితే, దేవుని బూరతో ప్రభువు దిగివచ్చే సంగతి 16వ వచనం దాకా రాదు. జారత్వానికి దూరంగా ఉండాలని, సహోదరుణ్ణి మోసగించకూడదని, ఎవరి పని వారు చేసుకుంటూ తమ చేతులతో కష్టపడాలని ఆయన అంతకుముందే హెచ్చరించాడు. ఆ వరుసను నేను తేలికగా తీసుకోలేను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో రాకడ పాటలు కన్నీళ్లతో పాడిన కుటుంబమే సంక్రాంతి దాటగానే కొడుకు పెళ్లికి కట్నం బేరమాడితే, సహోదరుణ్ణి మోసగించవద్దన్న మాట ఆ ఇంటి గడప దాటి లోపలికి వెళ్లలేదనే చెప్పాలి.

ఆ థెస్సలొనీక సంఘంలోనూ కలత పుట్టింది. ప్రభువు దినం అప్పుడే వచ్చేసిందని, అది పౌలు పత్రికలోని మాటేనని ఎవరో ప్రచారం చేసినట్లు రెండో పత్రికను బట్టి తెలుస్తోంది. కొందరు పని మానుకొని పరుల జోలికి పోతూ తిరిగారు. ఈ రెంటికీ సంబంధం ఉందని పౌలు సూటిగా చెప్పలేదు గాని, ఉందనే నాకు అనిపిస్తుంది. ఎవరికీ భారం కాకూడదని రాత్రింబగళ్లు పనిచేసినవాడు గనుక, పని చేయనొల్లనివాడు భోజనం చేయకూడదని ఆయన గట్టిగా అనగలిగాడు.

తరువాతి కాలంలోనూ ఇదే జరిగింది. అమెరికాలో విలియం మిల్లర్ అనే బోధకుని అనుచరులు 1844 అక్టోబరు 22న క్రీస్తు వస్తాడని నమ్మి, కొందరు పొలాల్లో పంట కోయకుండానే వదిలేశారు. ఆ దినమూ గడియా తండ్రికి తప్ప ఎవరికీ తెలియదని ప్రభువే చెప్పగా, ఆ తేదీని లెక్కగట్టి ప్రకటించేవారిని మన వేదికలపైకి పిలవడం తప్పని నా నిశ్చయం. మెలకువగా ఉండడమంటే, ప్రభువు ఏ గడియలో వచ్చినా దాచవలసిన ఖాతా గాని, తెగని పగ గాని, ఇవ్వక బిగబట్టిన కూలి గాని మన దగ్గర లేకుండా బ్రతకడం.

అయితే తేదీలు నమ్మి చెదిరిపోయిన విశ్వాసులను ఎగతాళి చేసే అధికారం మనకు లేదు. మాట వినని ఆ సోమరులతో కలిసి మెలిసి ఉండవద్దన్న పౌలే, వారిని శత్రువులుగా ఎంచక సహోదరులుగా భావించి బుద్ధి చెప్పమని వెంటనే వ్రాశాడు.