పది పదాలు కూడి ఆగితే

మా మేనకోడలు డల్లాస్‌లో పన్నెండో తరగతి చదువుతోంది. మొన్న శనివారం పొద్దున్నే వీడియో కాల్ చేసి (వాళ్లకింకా శుక్రవారం రాత్రే) "మామయ్యా, ఏపీ కాల్క్యులస్‌లో ఒక డౌట్" అంది. పక్కనే కాఫీ తాగుతున్న మా అమ్మ "అక్కడ కూడా మన ఏపీ సిలబస్సేనా!" అని తెగ సంబరపడింది. ఆ ఏపీ అంటే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు అని చెప్పాక, ఓహో అనేసి లోపలికెళ్లిపోయింది.

దాని సిలబస్ చివర్లో రెండు యూనిట్లున్నాయి. పారామెట్రిక్ సమీకరణాలూ పోలార్ వక్రాలూ కలిపి ఒకటి, అనంత శ్రేణులు ఇంకోటి. మొదటిదాంతో పెద్ద గొడవ లేదు. ఇంటర్‌లో పరావలయం మీద బిందువంటే ఏటీ స్క్వేర్, టూ ఏటీ అని నిద్రలో లేపి అడిగినా చెప్పేవాళ్లం కానీ, ఆ టీని గడియారం అనుకో, ఏ క్షణాన చీమ ఎక్కడుందో చెప్పడమే ఇదంతా అని మాకెవరూ చెప్పలేదు, దానికి నేను చెప్పాను. పోలార్‌కి, అంటే ఏ కోణంలో ఎంత దూరమో చెప్పి గీసే వక్రాలకి, స్టీలు గ్లాసు తెమ్మన్నాను. గదిలో లైటు తీసేసి ఫోన్ టార్చి గ్లాసు అంచుకి ఆనించి, వెలుగు గ్లాసు లోపలే ఎదుటి గోడకి కొట్టేలా పెడితే అడుగున ఒక మెరిసే గీత పడుతుంది, దాదాపుగా గుండె బొమ్మ. ఆర్ ఈక్వల్ టు వన్ ప్లస్ కాస్ తీటా అంటే అదే.

అసలు డౌట్ శ్రేణిలో. 1 − 1/3 + 1/5 − 1/7… ఇలా పోతూ ఉంటే, నాలుగుతో గుణించాక పై (3.14159…) వస్తుందని పుస్తకంలో ఉంది. ఇది ఓపిగ్గా పది పదాలు కూడి గుణిస్తే 3.0418 వచ్చిందట. "పదకొండోది కూడా కలిపితే 3.2323 అయింది మామయ్యా, ఇదెక్కడి పై?"

నిజమే, ఈ శ్రేణి మహా బద్ధకంది. ఎక్సెల్‌లో వేసి చూపించాను. వంద పదాలకి 3.1316, వెయ్యి పదాలకి 3.1406. పదికి ఆగితే దాదాపు 1/10 తక్కువ, వందకి ఆగితే 1/100, వెయ్యికి 1/1000. అంటే ఇంకొక్క అంకె సరిగ్గా రావాలంటే పదింతల చాకిరీ. కానీ ఇంకోలా చూస్తే, ఎంత తక్కువ పడిందో మనకి ముందే తెలిసిపోతోంది కదా, మరి అది కలిపేస్తే పోలా?

సరిగ్గా ఈ పనే కేరళలో మాధవుడనే గణితజ్ఞుడు చేశాడు, 14వ శతాబ్దం చివర్లోనో 15వ శతాబ్దం మొదట్లోనో. యూరప్‌లో లైబ్నిజ్ ఈ శ్రేణిని 1670ల్లో కనుక్కున్నాడు. మాధవుడు స్వయంగా రాసింది దొరకలేదు, ఆయన పరంపరలో వాళ్లు ఆయన పేరు మీద చెప్పుకున్నదే మిగిలింది. వాళ్లలో జ్యేష్ఠదేవుడు 1530 ప్రాంతంలో నిరూపణలతో సహా యుక్తిభాష రాశాడు, అదీ సంస్కృతంలో కాదు, మలయాళ వచనంలో. ఇంటి భాషలో లెక్కలు రాసుకోవాలన్న ఆలోచన వాళ్లకి అప్పుడే వచ్చింది, నాకైతే శ్రేణి కంటే ఇదే ఎక్కువ ముచ్చటేసింది.

సరే, సవరణ సంగతి. పది దగ్గర ఆగి ఊరికే 1/10 కలిపితే 3.1418. బాగానే ఉంది. కానీ వాళ్లు అక్కడితో ఊరుకోలేదు, ఇంకా పదునైన సవరణ ఒకటి చెప్పారు. పదాల సంఖ్యని నాలుగుతో గుణించి, ఆ పదాల సంఖ్య వర్గానికి నాలుగు రెట్లు వేసి ఒకటి కలిపిన దాంతో భాగించాలి. పదికైతే 40/401. సరి సంఖ్య దగ్గర ఆగితే కలపాలి, బేసి దగ్గర ఆగితే తీసేయాలి.

ఫోన్‌లో కాల్క్యులేటర్ తీసి కలిపింది. 3.14159. మళ్లీ మొదటినుంచి కలిపింది. అదే.

"ఇందాక వెయ్యి పదాలకి కూడా రాలేదుగా!" అని కాసేపు స్క్రీన్ వంకే చూసి, తర్వాత అసలు సంగతికొచ్చింది. "ఎగ్జామ్‌లో ఇది రాస్తే మార్కులేస్తారా?"

వెయ్యరు. అక్కడ అడిగేది తేడా ఎంతకి మించదు అని, దానికి వదిలేసిన మొదటి పదం చాలు, 4/21 అని రాసేసి తర్వాతి ప్రశ్నకి వెళ్లిపొమ్మన్నాను.