పన్నెండో ఊడ

హైదరాబాద్ శివార్లలోని అప్పా జంక్షన్ నుంచి వికారాబాద్ నాకు మామూలుగా గంటన్నర దారి. మొన్న ఆదివారం ఆరు గంటలు పట్టింది.

బతుకమ్మకు ఇంకా వారం ఉంది. ఓ పల్లె బడిలో లైబ్రరీ కోసం మా బైకుల గుంపు నిధివేట పెట్టుకుంది. బండికి 500. పది బండ్లు, ఐదు నిమిషాలకొకటి వదిలారు. వేగానికి మార్కుల్లేవు. మీటరు రీడింగ్ రాసుకుని పంపారు. తక్కువ తిరిగి, ఎక్కువ జవాబులు పట్టుకొచ్చినవాళ్లది గెలుపు. తప్పు జవాబుకు 100 జరిమానా, అదీ బడికే. ఆ లెక్కన మాలాంటివాళ్లు వస్తేనే బడికి లాభం.

నా పాత స్ప్లెండర్ వెనక మా అక్క కొడుకు, తొమ్మిదో తరగతి. చీటీలు చదవడం వాడి పని.

మొదటిది: ‘చేవ ఉన్నవాళ్లకే ఈ ఊరు దొరుకుతుంది.’

“చేవ అంటే ఏంది మామా?”

చెట్టు మానులో లోపలుండే గట్టి కర్రరా అని చెబుతూ చెబుతూ నాకే వెలిగింది. చేవెళ్ల!

అక్కడిచ్చిన రెండో చీటీ: ‘కొమ్మల్లోంచి కాళ్లు దించిన ముసలాయన, టీ కొట్టుకు ఎదురుగా. ఎన్ని కాళ్లు నేలకు మోపాడు?’ మర్రిచెట్టు, ఊడలు. తెలిసి ఏం లాభం? మన్నెగూడ దాకా ఆ హైవే మర్రులకే పేరు, మొత్తం 900 దాకా ఉంటాయంటారు. టీ కొట్లకూ కొదవ లేదు. రోడ్డు వెడల్పు కోసం వీటిని కొట్టేస్తారన్న గొడవ గ్రీన్ ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. పేపర్లో చదివి అయ్యో అనుకున్నవాణ్ణే గానీ ఒక్క చెట్టు కిందా బండి ఆపింది లేదు. మూడో టీ కొట్టాయన మమ్మల్ని చూడగానే “పొద్దుగాల్నుంచి అందరు గా చెట్టు చుట్టే తిరుగుతున్నరు” అని నవ్వాడు. మావాడు ఊడలు లెక్కపెట్టాడు, నేనూ లెక్కపెట్టాను. పదకొండు.

తర్వాతిది ‘బతుకమ్మకు కావాలి, బజార్లో కొనొద్దు.’ తంగేడు. పత్తిచేను గట్టున ముళ్లలో దూరి వెతుకుతుంటే ఓ ముసలమ్మ “ఏం దేవులాడుతున్నరు బిడ్డా?” అని అడిగి, తన ఒడిలోంచే గుప్పెడు తీసిచ్చింది. పైసలిస్తే ఒప్పుకోలేదు. ఒప్పుకున్నా రూల్ ఒప్పుకోదు లెండి.

ఆఖరిది: ‘1908లో హైదరాబాద్‌ను ముంచినదాని పుట్టిల్లు.’ “మూసీ! అనంతగిరి!” అని వాడు వెనకనుంచి అరిచిన అరుపుకు బండి పక్కకు లాగింది.

కొండ మీద చెట్ల కింద పులిహోర, లెక్కలు. మాది ఆరో స్థానం. ఊడలు పన్నెండట! చీటీలు రాసినాయన పోయిన వారమే లెక్కపెట్టి వచ్చానంటాడు. కాసేపు వాదించి 100 కట్టాను.

తిరుగుదారిలో మావాడు వదల్లేదు. చీకటి పడ్డాక అదే చెట్టు కింద దిగి, ఫోన్ లైటు వేసుకుని మళ్లీ మొదలుపెట్టాడు. పదకొండే. ఇంకో చుట్టు తిరిగి, రోడ్డువైపు కొమ్మ కింద ఆగాడు. చేతికందే ఎత్తులో ఒక ఊడ మొండిగా వేలాడుతోంది. కింద నేలలో జానెడు మొదలు. ఎవరో గొడ్డలితో నరికిన గాటు, ఇంకా నల్లబడలేదు.

“మామా, మన వంద వాపసిస్తరా?”


“ఇవ్వరులే, ఎక్కు” అన్నాను.