కాగితం కింద ఫైల్ పేరు

గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే ఒక షాపులో నేను లెక్కలు చూస్తాను. నెల నెలా బ్యాంకుకి స్టాక్ స్టేట్‌మెంట్ ఇవ్వాలి. కోల్డ్ స్టోరేజీలో తేజ రకం మిర్చి ఎన్ని టిక్కీలు (బస్తాలు), 334 రకం ఎన్ని, తాలు (నాసిరకం కాయ) ఎంత, రావలసిన బాకీలు, ఇవ్వవలసినవి, అన్నీ ఒక ఎక్సెల్ ఫైల్లో వేసి, ప్రింట్ తీసి, షావుకారు గారి సంతకం పెట్టించి పంపిస్తాను.

ఒక నెల సరకు చూడడానికి బ్యాంకు నుంచి ఆఫీసరు వచ్చారు. షావుకారు గారు బాక్స్ ఫైలు తెరిస్తే ఒకే నెలవి రెండు స్టేట్‌మెంట్లు బయటికొచ్చాయి. ఒకే హెడ్డింగు, ఒకే గీతలు. ఒకదాంట్లో తేజ 612 టిక్కీలు, ఇంకోదాంట్లో 548. "ఏది నిజం అమ్మా?" అని ఆఫీసరు అడిగారు. నోట మాట రాలేదు. కంప్యూటర్లో ఆ నెలకి నాలుగు ఫైళ్లున్నాయి, చివర 'ఫైనల్' అనీ, 'కొత్త ఫైనల్' అనీ. ఏ కాగితం ఏ ఫైల్లోంచి వచ్చిందో ఆ కాగితం మీద ఎక్కడా లేదు. ఒక్కొక్క ఫైలూ తెరిచి అంకెలు సరిపోల్చుకుంటూ కూర్చుంటే మధ్యాహ్నం దాటిపోయింది. నెలాఖరున లారీకెక్కిన 64 టిక్కీలు తీసెయ్యకముందు కొట్టిన ప్రింటు ఒకటి, తీసేశాక కొట్టింది ఒకటి. 548 సరైనది. ఆయన ఏమీ అనలేదు గానీ, ఆ టెన్షన్ మళ్ళీ పడదల్చుకోలేదు.

మా షాపులో నాకంటే ముందు చేసిన గుమాస్తా గారి చిట్టాలు ఇంకా అటక మీద ఉన్నాయి. ప్రతి పుట పైనా సంవత్సరం, పుస్తకం నంబరు, పుట నంబరు ఆయన చేత్తో రాసేవారు. ఒక కాగితం ఊడి బయట పడినా, అది ఎక్కడిదో దాన్ని చూస్తే తెలిసిపోతుంది. ఎక్సెల్లో ఆ పని చేసేది ప్రతి పేజీ పైన పడే హెడరూ, కింద పడే ఫుటరే.

పేజ్ లేఔట్‌లో ప్రింట్ టైటిల్స్ నొక్కితే ఒక పెట్టె తెరుచుకుంటుంది. అందులో హెడర్/ఫుటర్ అన్న చోటికి వెళ్ళి కస్టమ్ ఫుటర్ నొక్కాలి. ఎడమ, మధ్య, కుడి అని మూడు గళ్ళు, వాటి పైన చిన్న చిన్న బటన్ల వరస. మౌస్ పెడితే వాటి పేర్లు కనిపిస్తాయి. ఫైల్ పాత్ బటన్ ఒక్కటి నొక్కితే చాలు, ఫోల్డర్ దారి, ఫైలు పేరు రెండూ పడతాయి. నేను మొదట తెలియక ఫైల్ నేమ్ బటన్ కూడా నొక్కితే పేరు రెండుసార్లు వచ్చింది. దారి పొడుగ్గా ఉంటే మధ్య గడిలోకి చొచ్చుకొచ్చి అక్కడి అక్షరాల మీద పడుతుంది. అందుకే ఎడమ గడిలో దాన్ని 8 సైజులో పెట్టి, మధ్య గడి ఖాళీగా వదిలేశాను. కుడివైపు షీటు పేరు, పేజీ నంబరు, మొత్తం పేజీలు. బ్యాంకుకి వెళ్ళే కాపీలో మాత్రం ఫైలు పేరొక్కటే ఉంచుతాను. మన ఫోల్డర్ల పేర్లు బయటివాళ్ళకి ఎందుకు?

ఇవన్నీ మామూలుగా పని చేసుకునే వ్యూలో కనబడవు, ప్రింట్ ప్రివ్యూలో చూసుకోవాలి. మా షాపు పేరులో & గుర్తు ఉంది. హెడర్‌లో ఒక్కసారే కొడితే అది ప్రింటులో మాయమైంది. ఎక్సెల్ ఆ గుర్తుని తన సొంత కోడ్‌ల కోసం వాడుకుంటుంది కాబట్టి && అని రెండుసార్లు కొట్టాలి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది తేదీ దగ్గర. ఫుటర్‌లో డేట్ బటన్ పెట్టాక ఇక చిక్కు తీరిందనుకున్నాను. తర్వాత నెలలో పాత స్టేట్‌మెంటు కాపీ కావాలంటే ఫైలు తెరిచి ప్రింట్ కొట్టాను. కింద ఆ రోజు తేదీ పడింది! నెల కిందటి అంకెలు, ఈ రోజు తేదీ. చూసినవాళ్ళు దాన్నే తాజా లెక్క అనుకుంటారు. ఆ బటన్ ఇచ్చేది ప్రింట్ తీసిన రోజే, లెక్క వేసిన రోజు కాదు. చివరిసారి సేవ్ చేసిన తేదీకి బటన్ లేదు, దానికి మ్యాక్రో, అంటే ఎక్సెల్లో నడిచే చిన్న ప్రోగ్రామ్, రాసుకోవాలి. నాకు అంత అవసరం లేదు. 'ఫలానా తేదీ నాటికి నిల్వ' అని షీటులోనే హెడ్డింగు కింద చేత్తో టైపు చేస్తాను. ఫుటర్‌లో తేదీకి ముందు 'ప్రింట్ తీసినది' అని రాసి, పక్కన సమయం కూడా పెట్టాను. ఒకే రోజు రెండుసార్లు ప్రింట్ తీసినా ఏది ముందో ఏది వెనకో తెలుస్తుంది.

పన్నెండు నెలల షీట్లకీ ఒకేసారి పెట్టాలంటే మొదటి షీటు నొక్కి, షిఫ్ట్ పట్టుకుని చివరిది నొక్కి, అప్పుడు ఆ పెట్టె తెరవాలి. పని కాగానే ఒక షీటు పేరు మీద రైట్ క్లిక్ చేసి అన్‌గ్రూప్ చెయ్యడం మరవకండి. లేకపోతే ఏప్రిల్‌లో కొట్టిన అంకె పన్నెండు షీట్లలోనూ అదే గడిలో పడుతుంది, అక్కడున్నది చెరిగిపోతుంది.

గూగుల్ షీట్స్ వాడేవాళ్ళకి ప్రింట్ తెరలోనే హెడర్లు, ఫుటర్ల దగ్గర ఫైలు పేరు, షీటు పేరు, తేదీ, సమయం, పేజీ నంబర్లకి టిక్కులుంటాయి.

ఆ రెండు పాత కాగితాలూ నా డ్రాయర్లోనే ఉన్నాయి. 612 ఉన్నదాని కింద ఏ ఫైల్లోంచి వచ్చిందో పెన్నుతో రాసి, 'లారీ తీయకముందు' అని పక్కన పెట్టాను.