ఒకరికి రెండు, ఒకరికి నాలుగు

"ఇవి నువ్వు రాసినవే కదా?" అంటూ మా కోచ్ సర్, పిల్లలకి మార్కులు వేసే రెండు కాగితాలు నా ముందు పెట్టారు. పొద్దున ప్రాక్టీసు అప్పుడే అయింది. పిల్లలు గ్రౌండులో కోన్లు ఏరుతున్నారు.

ఒకటి డిసెంబర్ కాగితం. మా ఫుట్‌బాల్ టీములో ఎడమ వింగ్ ఆడే మిజోరం కుర్రాడిది. క్రిస్మస్‌కి వెళ్ళొస్తానని నెల ముందే సర్‌ని అడిగి, సరే అనిపించుకుని వెళ్ళాడు. చెప్పిన రోజుకంటే రెండు రోజులు ఆలస్యంగా వచ్చాడు. కమిట్‌మెంట్ అన్న గడిలో నేను అయిదుకి రెండు వేశాను. రెండోది జనవరి కాగితం. మా కదిరి వైపు కుర్రాడిది. ఎవరి అనుమతీ లేకుండా సంక్రాంతికి బస్సెక్కాడు, కనుమ నాటి మ్యాచ్‌కి లేడు. అదే గడిలో వాడికి నాలుగు వేశాను.

"మీవాడని వెనకేసుకొస్తున్నావు," అన్నారు. ఆయన ఇంట్లో మాట్లాడేది తమిళం, గ్రౌండులో కన్నడ. తెలుగు నాకోసమే కష్టపడి మాట్లాడతారు. ఈ మాట కూడా తెలుగులోనే అనడంతో ఇంకా గట్టిగా తగిలింది.

నాది అనంతపురం. బెంగళూరు వచ్చి ఆరేళ్ళవుతోంది. పదిహేడేళ్ళలోపు పిల్లల టీముకి అసిస్టెంట్ కోచ్‌ని. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నం భోజనానికి ఇంట్లో ఉండొచ్చు కాబట్టి దీన్ని పరాయి ఊరని మావాళ్ళెవరూ అనుకోరు. నేనూ అనుకోలేదు, ఆ రోజు దాకా. కొత్తగా చేరిన వారంలో సర్ తన స్కూటర్ మీద అల్సూరు పక్కన గౌతమపురకి తీసుకెళ్ళి పీలే విగ్రహం చూపించారు. మన ఊళ్ళల్లో సందు మొదట్లో రాజకీయ నాయకుల విగ్రహాలుంటాయి, అక్కడ ఒక ఆటగాడు నిలబడి ఉన్నాడు. ఆ రోజు మనసులో అనుకున్నాను, ఈయన దగ్గరే పని నేర్చుకోవాలని. అలాంటి మనిషి పక్షపాతం అన్న మాట అనేసరికి రెండు రోజులు నాకు అన్నం సయించలేదు.

ముందు నా వైపు చెప్పుకుంటాను.

మా కదిరి కుర్రాడు ఆరో నంబర్. డిఫెన్స్‌కి ముందు, మధ్యలో ఆడతాడు. గోల్ కొట్టే స్థానం కాదు, చూసేవాళ్ళ కళ్ళు వాడి మీద ఉండవు. కానీ ఒక్క పది నిమిషాలు వాణ్ణే చూడండి. బంతి తన దగ్గరికి వచ్చేలోపు తల తిప్పి వెనక్కి ఒకసారి, పక్కకి ఒకసారి చూసుకుంటాడు. కుడి బ్యాక్ ముందుకి పరిగెత్తితే, ఎవరూ అరవకుండానే వెళ్ళి ఆ ఖాళీలో నిలబడతాడు. బంతి పోగొట్టుకుంటే రిఫరీ వైపు చేతులెత్తడు, తోటివాణ్ణి తిట్టడు, వెంటనే వెనక్కి పరుగు. టీము మీద గురి అంటే ఇది కాక ఇంకేముంది? ఇదంతా చూసే నేను నాలుగు వేశాను. ఆ నాలుగు తప్పని ఇప్పటికీ అనుకోను.

అయితే వాడు ఎందుకు అడగలేదు? నన్ను వదలని ప్రశ్న అదే. బస్సెక్కాక రాత్రి పదకొండుకి నాకు మెసేజ్ పెట్టాడు, "అన్నా, ఊరికి పోతాండ. అమ్మ రమ్మనింది" అని. సర్‌కి చెప్పే ఉంటాడనుకుని నేను ఊరుకున్నాను. అది నా తప్పు, సర్‌తో ఒప్పుకున్నాను. పండగ అయ్యాక వాణ్ణి పక్కకి పిలిచి నిలదీశాను. తల దించుకుని, బూటు కొనతో గడ్డి గీకుతూ అన్నాడు: "అడిగితే సారు వద్దంటాడు గదన్నా. వద్దన్న్యాక పోతే తప్పు గదా."

నాకు ఆ మాట వెంటనే అర్థమైంది. మీకూ అర్థమయ్యే ఉంటుంది. పెద్దవాళ్ళు వద్దన్న పని చేస్తే ధిక్కారం. అసలు అడగకుండా చేస్తే తప్పే, కానీ ధిక్కారం కాదు. తర్వాత తల వంచుకుని నాలుగు తిట్లు తింటే సరిపోతుంది. నేను కూడా అలాగే పెరిగాను. మా నాన్నని నేను ఏదీ సూటిగా అడిగిన గుర్తు లేదు, అన్నీ అమ్మ ద్వారానే. ఇక్కడి పిల్లలు అలా కాదు. "సర్, నన్నెందుకు తీసేశారు?" అని కళ్ళలోకి చూసి అడుగుతారు. మొదట్లో అది పొగరనిపించేది. సర్ దాన్ని మెచ్యూరిటీ అంటారు. మనవాడి మౌనాన్ని చూసి, ఇంకా చిన్నపిల్లాడే అంటారు. ఇందులో ఆయన తొందరపడుతున్నారని నా నమ్మకం. మౌనంలోనూ పెద్దరికం ఉంటుంది.

వాడి జవాబు సర్‌కి చెప్పాను. కోప్పడతారనుకున్నాను. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మూడేళ్ళుగా నా దగ్గర ఆడుతున్నాడు. నేను వద్దంటానని వాడికెందుకనిపించింది?" అన్నారు. ఆ గొంతులో బాధ విని నా దగ్గరున్న వాదనలన్నీ ఆగిపోయాయి.

ఆయన పట్టుదల ఎక్కడినుంచి వచ్చిందో కూడా చెప్పాలి. ఆయన తండ్రి ఇక్కడి ఒక ప్రభుత్వ కంపెనీ టీముకి ఆడారు. ఒకప్పుడు బెంగళూరులో టెలిఫోన్లు తయారుచేసే ఐటీఐ, విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్ లాంటి కంపెనీలకి సొంత ఫుట్‌బాల్ టీములుండేవి. బాగా ఆడితే ఉద్యోగం, ఉద్యోగంతో జీతం, క్వార్టర్సు. ఇల్లు గడిచేది ఆ బూట్ల మీదే. అలాంటి ఇంట్లో మ్యాచ్ ఎగ్గొట్టడమంటే పొయ్యి మీద నీళ్ళు పోసుకోవడమే. అందుకే కోపం వచ్చినప్పుడల్లా ఆయన మన దేశం టీము డిఫెండర్ జర్నైల్ సింగ్ పేరు ఎత్తుతారు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో జర్నైల్‌కి తల పగిలి కుట్లు పడ్డాయి. ఆ కుట్లతోనే ఫైనల్లో దక్షిణ కొరియా మీద గోల్ కొట్టాడు, మనం 2-1తో బంగారం గెలిచాం. "తలకి కుట్లున్నా ఆడాడు. మీవాడు పండగ వదులుకోలేకపోయాడా?" అన్నారు ఈసారి.

నేను ఊరుకోలేదు. ఆ కుట్ల తలతో ఉన్న డిఫెండర్ని ఫార్వర్డ్‌గా పెట్టిన కోచ్ మా హైదరాబాద్ రహీం సాబ్ అన్నాను. అప్పటికే ఆయన ఒంట్లో క్యాన్సర్ ఉంది, మరుసటి ఏడు జూన్‌లో పోయారు. మీరు రోజూ పేరు తలిచే సునీల్ ఛెత్రి పుట్టింది కూడా మా సికింద్రాబాద్‌లోనే అన్నాను. అన్నాక నాకే తెలిసింది, నేను మాట్లాడుతున్నది కుర్రాడి గురించి కాదని. ఎవరో మనవాళ్ళని తక్కువ చేశారనుకుని, ఉన్న పేర్లన్నీ తెచ్చి అడ్డం పెడుతున్నాను. సర్ ఒక్క మాటే అన్నారు: "నాలుగు సంగతి వదిలెయ్. ఆ రెండు ఎందుకు వేశావో చెప్పు."

దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ సాయంత్రం మిజోరం కుర్రాడి పక్కన కూర్చుని, ఊరికి ఎలా వెళ్తావని అడిగాను. మూడేళ్ళలో మొదటిసారి అడగడం. గువాహటి దాకానే రెండు రోజులకి పైగా రైలట. అక్కడి నుంచి కొండదారిలో బండి. వచ్చేటప్పుడు రైలు ఆలస్యమై, అందాల్సిన రెండో రైలు తప్పిపోయిందట. "మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. "సర్‌కి ఫోన్ చేసి చెప్పాను," అన్నాడు హిందీలో, మామూలుగా. వాడు సర్‌కి చెప్పాడు. సర్‌ని నేను అడగలేదు. కనుమ నాడు ఇంట్లో ఉండాలన్న తపన నాకు చెప్పకుండానే తెలుసు. వాడి ఇంట్లో క్రిస్మస్ ఎలా ఉంటుందో నాకు తెలియదు, అడగాలని తోచనూ లేదు.

ఇంకొకటి కూడా ఉంది. వాడు పుట్టింది నవంబర్‌లో, కదిరి వాడు అదే ఏడు జనవరిలో. వయసు లెక్క జనవరి 1 నుంచి కడతారు కాబట్టి ఇద్దరూ ఒకే టీము. ఆ వయసులో పది నెలలంటే నాలుగంగుళాల ఎత్తు, నూనూగు మీసం. పొట్టివాణ్ణి చిన్నపిల్లాడిగా, పొడుగువాణ్ణి పెద్దవాడిగా చూడటం కోచ్‌లందరికీ ఉన్న జబ్బే. పెద్ద టోర్నమెంట్లకి ఎంపికయ్యే పిల్లల్లో సంవత్సరం మొదటి నెలల్లో పుట్టినవాళ్ళే ఎక్కువగా కనిపించడం ఫుట్‌బాల్‌లో అందరికీ తెలిసిన సంగతి. తెలిసి కూడా నేను ఆ కాగితం అలా నింపాను.

మా కదిరి కుర్రాడు పండగ నుంచి వస్తూ స్టీలు డబ్బా నిండా కజ్జికాయలు తెచ్చాడు. వాళ్ళమ్మ టీమంతటికీ పంపింది. డ్రెస్సింగ్ రూములో మూత తీయగానే నెయ్యి వాసన, అరనిమిషంలో సగం ఖాళీ. సర్ రెండు తిన్నారు. చాలా బాగున్నాయి, అమ్మకి చెప్పు అన్నారు. చేయి తుడుచుకుని, మూడు మ్యాచ్‌లు బెంచి అన్నారు.

మొన్న శనివారం మూడోది. సెకండ్ హాఫ్ సగమైంది, ఒక గోల్ వెనకబడ్డాం. మధ్యలో ఖాళీ కనిపిస్తూనే ఉంది. మనవాడు బెంచి అంచున కూర్చుని నా వైపు చూస్తున్నాడు, నేను వెళ్ళి చెప్తానని. "నువ్వే పోయి అడుగప్పా," అన్నాను.

వెళ్ళాడు. సర్ పక్కన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. నిమిషం గడిచింది. సర్ గ్రౌండు వైపే చూస్తున్నారు, తల తిప్పలేదు. చివరికి వచ్చింది మాట, కన్నడలో: "సర్, నాను ఆడ్లా?"

"ఇవత్తు బేడ," అన్నారు సర్. ఈరోజు వద్దు. అని వాడి భుజం మీద చెయ్యి వేసి, ఆట చూస్తూ అలాగే ఉంచారు.

వాడు తిరిగొచ్చి నా పక్కన కూర్చున్నాడు. "వద్దన్న్యాడన్నా," అన్నాడు. వంగి, వదులైన బూటు లేసు విప్పి మళ్ళీ బిగించి కట్టుకున్నాడు.