ప్లేయర్‌కూ కారు స్టీరియోకూ మధ్య ఆ ఒక్క తీగ

పాటలను విడిగా ఒక చిన్న ప్లేయర్‌లో భద్రపరచుకొని వినే అలవాటు ఉన్నవారు ఇప్పటికీ ఉన్నారు, నేనూ అలాంటి శ్రోతనే. ఏరి కూర్చుకున్న పాటలన్నీ ఒకేచోట ఉంటాయి, సిగ్నల్ అందని దారిలోనూ ఆగకుండా వినిపిస్తాయి, మధ్యలో ఫోన్ మోగి పాట తెగిపోదు. చిక్కంతా ఆ ప్లేయర్‌ను కారు స్టీరియోకు కలిపే దగ్గరే వస్తుంది. ప్లేయర్ ఎంత నాణ్యమైనదైనా, తలుపుల్లో బిగించిన స్పీకర్లు ఎంత మంచివైనా, రెంటినీ కలిపే చోట శ్రద్ధ లోపిస్తే చెవికి చేరేది పలచబడి, రొదతో నిండిన సంగీతమే. బ్లూటూత్ ఎంత సులువైనా ఈ పనికి మామూలు తీగను మించినది లేదని నా గట్టి నమ్మకం. అయితే ఆ తీగకు రెండు చివర్లా ఏం జరుగుతుందో తెలిసి ఉండాలి.

ముందుగా చూడవలసింది స్టీరియోకు ఆక్స్ ఇన్‌పుట్, అంటే బయటి ప్లేయర్‌ను తీగతో కలిపే చోటు, ఉందా లేదా అన్నది. స్టీరియో ముందుభాగంలో 3.5 మిల్లీమీటర్ల గుండ్రని రంధ్రంగా అది కనిపించవచ్చు. కొన్ని కార్లలో గ్లవ్ బాక్సులోనో, ముందు సీట్ల మధ్య ఉండే అరలోనో ఉంటుంది. మరికొన్ని స్టీరియోలకు వెనకవైపు ఎరుపు, తెలుపు ఆర్‌సీఏ సాకెట్ల రూపంలో ఉండి బయటికి ఏమీ కనిపించదు. అందువల్ల ఎదురుగా రంధ్రం లేదనగానే నిరాశపడకుండా మాన్యువల్‌ను ఒకసారి తిరగేయడం మంచిది.

ఆక్స్ కేబుల్ పిన్‌ను దగ్గరగా పట్టుకొని చూస్తే దాని మీద రెండు సన్నని గీతలు, వాటి వల్ల విడివడిన మూడు లోహపు భాగాలు కనిపిస్తాయి. కొన ఎడమ ఛానల్‌ను, మధ్యలోని ఉంగరం కుడి ఛానల్‌ను మోస్తాయి. మొదట్లో ఉన్న పొడవాటి భాగం ఆ రెంటికీ ఉమ్మడి గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి వెళ్ళే దారి. ఈ మూడో భాగం సరిగా ఆనకపోతే ఒక వింత జరుగుతుంది: వాద్యాలు వినిపిస్తూనే ఉంటాయి, పాడేవారి గొంతు మాత్రం దాదాపు మాయమైపోతుంది. స్టూడియోలో గొంతును సాధారణంగా రెండు ఛానళ్ళలోనూ సమానంగా కలుపుతారు. గ్రౌండ్ తెగినప్పుడు స్పీకర్లకు చేరేది రెండు ఛానళ్ళ మధ్య ఉన్న తేడా మాత్రమే కనుక, రెంటిలోనూ ఒకేలా ఉన్న గొంతు ఒకదానికొకటి చెల్లిపోతుంది. పాట ఇలా వినిపించినప్పుడు ఫైలు చెడిందనో, స్పీకరు పోయిందనో కంగారు పడనక్కర్లేదు. పిన్‌ను చివరికంటా నొక్కి చూడాలి, ప్లేయర్‌కు తొడిగిన కవరు అడ్డు తగులుతోందేమో గమనించాలి, అప్పటికీ కుదరకపోతే కేబుల్ మార్చాలి. మైకున్న హెడ్‌సెట్ల కోసం చేసిన పిన్‌కు మూడు గీతలు, నాలుగు భాగాలు ఉంటాయి. దాన్ని ఇక్కడ వాడితే కొన్నిసార్లు ఇదే తంటా వస్తుంది.

తర్వాతి సంగతి వాల్యూమ్. ప్లేయర్‌లో ఒకటి, స్టీరియోలో ఒకటి, రెండు వాల్యూములు ఉన్నప్పుడు దేన్ని ఎంత ఉంచాలన్నది చాలామంది పట్టించుకోరు గానీ, వినిపించే నాణ్యతలో సగం ఇక్కడే తేలిపోతుంది. ప్లేయర్‌ను బాగా తగ్గించి, స్టీరియోను బాగా పెంచితే పాటతో పాటు స్టీరియో లోపలి సన్నని బుస కూడా పెరుగుతుంది. ప్లేయర్‌ను చివరిదాకా పెంచితే దాని హెడ్‌ఫోన్ ఆంప్లిఫయరో, స్టీరియో ఇన్‌పుటో తన హద్దు దాటి, గట్టిగా పాడిన చోటల్లా శబ్దం పగులుతుంది. నేను పాటించే పద్ధతి ఇది: బాగా హోరుగా ఉండే పాట ఒకటి పెట్టి, ప్లేయర్‌ను ముప్పావు వంతు దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ, శబ్దం పగిలే చోటికి కొంచెం ముందే ఆపి, ఇక దాన్ని ముట్టుకోకుండా మిగిలిన హెచ్చుతగ్గులన్నీ స్టీరియో మీదే చేసుకోవడం. వినికిడిని కాపాడడానికి కొన్ని ప్లేయర్లలో వాల్యూమ్ పరిమితి పెట్టి ఉంటుంది. హెడ్‌ఫోన్లకు అది అవసరమే గానీ ఆక్స్‌కు కలిపినప్పుడు శబ్దం నీరసంగా రావడానికి అదే కారణం కావచ్చు. ఈక్వలైజర్ కూడా ఒకచోటే ఉండాలి. ప్లేయర్‌లో బేస్ పెంచి, స్టీరియోలోనూ పెంచితే స్పీకర్లు మూలగడం తప్ప ఒరిగేదేమీ లేదు. ప్లేయర్‌లో దాన్ని పూర్తిగా ఆపి, స్టీరియోలో కారుకు తగ్గట్టు సర్దుకోవడమే సరైనది.

ప్లేయర్‌కు విడిగా లైన్ ఔట్ ఉంటే ఈ తూకం చూసుకునే పని చాలావరకు తప్పుతుంది, ఎందుకంటే అక్కడి సంకేతం హెడ్‌ఫోన్ వాల్యూమ్‌తో పని లేకుండా ఒకే స్థాయిలో బయటికి వస్తుంది. 2003లో మూడో తరం ఐపాడ్‌తో వచ్చిన 30 పిన్నుల డాక్ కనెక్టర్‌లో ఈ సౌకర్యం ఉండేది. 2012లో లైట్నింగ్ కనెక్టర్ వచ్చి దాని స్థానాన్ని ఆక్రమించింది గానీ, పాత ఐపాడ్‌ను నేటికీ కారులో వాడేవారు హెడ్‌ఫోన్ రంధ్రాన్ని వదిలి, డాక్ నుంచి లైన్ ఔట్ తీసే చిన్న కేబుల్‌ను వాడితే తేడా చెవికి తెలుస్తుంది.

ఇక అందరినీ ఎక్కువగా విసిగించే సమస్య ఇంజిన్‌తో పాటు పెరిగే ఈల. కారు ఆగి ఉన్నంతసేపూ పాట నిర్మలంగా ఉంటుంది. ఇంజిన్ మొదలుకాగానే సన్నటి కూత వస్తుంది. యాక్సిలరేటర్ తొక్కిన కొద్దీ ఆ కూత పైస్థాయికి వెళ్తుంది. దీనికి మూలం ఆల్టర్నేటర్. అది పుట్టించే ఏసీ విద్యుత్తును డయోడ్లు డీసీగా మార్చినా, అందులో కొంత అలజడి మిగిలే ఉంటుంది. ప్లేయర్‌ను లైటర్ సాకెట్ నుంచి చార్జ్ చేస్తూ, అదే సమయంలో ఆక్స్‌కు కూడా కలిపినప్పుడు గ్రౌండ్‌కు రెండు దారులు ఏర్పడతాయి: చార్జర్ గుండా ఒకటి, ఆక్స్ కేబుల్ గుండా మరొకటి. ఇదే గ్రౌండ్ లూప్. కారు బాడీలో ఈ రెండు చోట్ల మధ్య వోల్టేజీలో అతి స్వల్పమైన తేడా ఉంటుంది. ఆ తేడా వల్ల పారే కరెంటు ఆడియో గ్రౌండ్ మీదుగా వెళ్తుంది, స్టీరియో దాన్ని కూడా పాటలో భాగమనుకొని పెద్దది చేసి వినిపిస్తుంది.

దీన్ని నిర్ధారించుకోవడం తేలిక. ఈల వస్తుండగానే చార్జర్ తీగను పీకేయాలి; వెంటనే ఆగిపోతే కారణం ఇదే. దీనికి గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ అనే చిన్న పరికరం దొరుకుతుంది, దాన్ని ఆక్స్ కేబుల్ మధ్యలో కలపాలి. లోపల ఒక్కో ఛానల్‌కు ఒక్కో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ ఉండి, సంకేతాన్ని అయస్కాంత క్షేత్రం ద్వారా మాత్రమే అవతలికి పంపుతుంది కనుక రెండు గ్రౌండ్ల మధ్య తీగ సంబంధం తెగిపోతుంది. అయితే నాసిరకం ఐసోలేటర్లలో ట్రాన్స్‌ఫార్మర్ కోర్ మరీ చిన్నదిగా ఉండి లోతైన బేస్ సన్నగిల్లుతుంది. అందుకే అంతకంటే మంచి ఉపాయం, కారులో వింటున్నంతసేపూ ప్లేయర్‌ను దాని బ్యాటరీ మీదే నడపడం. ప్రయాణం దూరమైతే లైటర్ సాకెట్‌కు తగిలించకుండా పవర్ బ్యాంకుతో చార్జ్ చేయవచ్చు. కారు గ్రౌండ్‌తో దానికి సంబంధం లేదు కనుక ఈల రాదు. ఆక్స్‌కు తగిలించే చిన్న బ్లూటూత్ రిసీవర్లు కొన్నవారికి కూడా ఇది వర్తిస్తుంది: మధ్యలో తీగ లేకపోయినా, ఆ రిసీవర్‌కు కారులోని యూఎస్‌బీ నుంచే కరెంటు ఇస్తే అదే లూప్ మళ్ళీ ఏర్పడుతుంది.

ఆక్స్ అసలే లేని పాత కార్లలో క్యాసెట్ డెక్ ఉంటే అది అదృష్టమే. క్యాసెట్ అడాప్టర్‌లో టేపు ఉండదు. డెక్‌లోని హెడ్‌కు ఎదురుగా మరో చిన్న హెడ్ ఉండి, ప్లేయర్ నుంచి వచ్చిన సంకేతాన్ని అయస్కాంత మార్పులుగా దానికి నేరుగా అందిస్తుంది. డెక్‌లో టేపు బుసను తగ్గించే డాల్బీ మీట ఉంటే ఆపేయాలి, లేకపోతే పైస్థాయి స్వరాలు మసకబారుతాయి. ఆటో రివర్స్ డెక్‌లు కొన్ని టేపు అయిపోయిందనుకొని పదేపదే వైపు మారుస్తూ ఉంటాయి. అలాంటప్పుడు మరో రకం అడాప్టర్ ప్రయత్నించడం తప్ప మార్గం లేదు. ఎఫ్‌ఎమ్ ట్రాన్స్‌మిటర్‌ను నేను చివరి ఎంపికగానే చూస్తాను. ఖాళీగా ఉన్న ఫ్రీక్వెన్సీ వెతకాలి, కొంత దూరం పోయేసరికి అక్కడ మరో స్టేషన్ పలకవచ్చు, పైగా స్టీరియో ఎఫ్‌ఎమ్ ప్రసార పద్ధతిలో 15 కిలోహెర్ట్జ్ పైన ఉన్న స్వరాలకు చోటే లేదు. దాన్నే వాడక తప్పనప్పుడు ప్లేయర్ వాల్యూమ్ మధ్యస్థంగా ఉంచడం, ట్రాన్స్‌మిటర్‌ను యాంటెన్నాకు వీలైనంత దగ్గరగా పెట్టడం కొంత మేలు చేస్తాయి.

బ్లూటూత్ గురించి న్యాయంగానే చెప్పాలి. పాటను కుదించి పంపే పద్ధతిని కోడెక్ అంటారు; ప్రతి పరికరంలోనూ తప్పనిసరిగా ఉండే ఎస్‌బీసీ కోడెక్ పాటను మళ్ళీ ఒకసారి కుదిస్తుంది, మామూలుగా సెకనుకు 328 కిలోబిట్ల దాకా పంపుతుంది. ఎల్‌డ్యాక్ అనే మరో కోడెక్ 990 దాకా వెళ్తుంది గానీ, అది ప్లేయర్‌లోనూ స్టీరియోలోనూ ఉంటేనే పని చేస్తుంది. టైర్ల రొద, గాలి హోరు మధ్య ఈ తేడా చాలా పాటల్లో తెలియదని ఒప్పుకుంటాను. కానీ కారు ఆపి, అద్దాలు ఎత్తి, తంబుర నేపథ్యంలో సాగే ఆలాపన ఏదైనా వింటే తీగ ద్వారా వచ్చే నాదంలో ఉన్న నిండుతనం నాకు స్పష్టంగా తెలుస్తుంది, ఆ కాసేపటి కోసం తీగను భరించడం నాకు కష్టంగా అనిపించదు.

యూఎస్‌బీ తీగతో కలిపితే ప్లేయర్ కేవలం పాటల పెట్టెగా మిగిలిపోతుంది, పాటను శబ్దంగా మార్చే పని స్టీరియోదే అవుతుంది. కాబట్టి మంచి ప్లేయర్ కొన్నవారికి ఇందులో ప్రయోజనం తక్కువ. దానికి పెన్‌డ్రైవ్ చాలు. స్టీరియో పాటలను చూపించకపోతే ప్లేయర్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ పద్ధతిగా ఎమ్‌టీపీ బదులు మాస్ స్టోరేజ్ (పెన్‌డ్రైవ్‌లా కనిపించే పద్ధతి) ఎంచుకోవాలి, మెమరీని ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేయాలి. అయితే ఫార్మాట్ చేస్తే అందులోవన్నీ చెరిగిపోతాయి కనుక ముందే నకలు తీసి పెట్టుకోవాలి.

కేబుల్ కొనేటప్పుడు మీటరుకు మించిన పొడవు అక్కర్లేదు. మిగిలిన తీగ గేరు లివర్ చుట్టూ, హ్యాండ్ బ్రేక్ చుట్టూ చుట్టుకుంటుంది, అది ప్రమాదకరం కూడా. స్టీరియో వైపు పిన్ ఎల్ ఆకారంలో వంగి ఉంటే మోకాలో చెయ్యో తగిలినా జాక్ మీద బలం పడదు. ప్లేయర్‌ను జారిపోని చోట పెట్టి, వినదలచిన జాబితాను కారు కదలకముందే ఎంచుకోవాలి. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద ప్లేయర్‌ను వదిలేయడం లిథియం బ్యాటరీకి చేటు. దిగేటప్పుడు పిన్ తీసి వెంట తీసుకుపోవడమే మేలు.