అయిదు వేలు తక్కువ

ఈ రోజు బ్యాంకులో నా కౌంటర్ క్యాష్ క్లోజ్ చేస్తుంటే అయిదు వేలు తక్కువ వచ్చింది. మూడు సార్లు లెక్కపెట్టినా అంతే. ఒకటో తారీఖు, పింఛన్ల రద్దీ. హడావిడిలో ఎవరికో పది అయిదువందల నోట్లు ఎక్కువ ఇచ్చేసినట్టున్నాను.

పాత మేనేజర్ ఉంటే నోరు విప్పేదాన్ని కాదు. జేబులోంచి వేసేసి ఊరుకునేవాళ్లం అప్పట్లో. తేడా వస్తే ఆయన నోట ముందు వచ్చే మాట "ఎవరిది తప్పు?" కాబట్టి మాకు బాగా వచ్చిన పని దాచడమే.

ఇవాళ నేరుగా వెళ్లి ఇప్పటి మేనేజర్ మేడమ్‌కి చెప్పేశాను. ఆవిడ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. "రెండో కౌంటర్ మూయించింది నేనే కదా, జనమంతా మీ మీద పడ్డారు" అని అందరి ముందే అన్నారు. ఎవరూ అడక్కుండానే అటెండర్‌తో సహా అందరూ ఉండిపోయారు. ఏడింటి దాకా వోచర్లు తిరగేశాం. దొరకలేదు.

పొద్దున పింఛను కోసం వచ్చిన పెద్దాయన గుర్తొచ్చారు. శ్రీహరికోటలోని రాకెట్ కేంద్రం షార్‌లో చేసి రిటైరయ్యారు. మా సూళ్లూరుపేటలో ఇలాంటి వాళ్లు వీధికొకరు, అందరి దగ్గరా ఇదే కథ. 1979 ఆగస్టు 10న ఎస్‌ఎల్‌వి-3 రాకెట్ పైకి లేచిన అయిదు నిమిషాలకే బంగాళాఖాతంలో పడింది. ప్రాజెక్టు నడిపింది కలాం గారైనా, విలేకరుల ముందు ఆ వైఫల్యాన్ని తన మీద వేసుకున్నది ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ గారు. 1980 జులై 18న అదే రకం రాకెట్ మీద రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరినప్పుడు మాత్రం, మాట్లాడమని కలాం గారిని ముందుకు పంపారు.

నాకు ఎప్పుడూ అనిపించేది వేరే. ఆ మధ్యలో పదకొండు నెలలున్నాయి. రాకెట్ రెండో దశ కంట్రోల్ వ్యవస్థలో ఒక వాల్వు దగ్గర ఆమ్లం లీకైందని తేలింది. తిట్లకు భయపడే చోట అలాంటివి అంత తొందరగా బయటికొస్తాయా? మా పాత మేనేజర్ దగ్గరైతే వాల్వు సంగతి ఎవరం ఎత్తేవాళ్లం కాదు.

మేడమ్ దేవతేం కాదు. రూలు ప్రకారం సొమ్ము నేనే కట్టాలని మొహం మీదే చెప్పారు. తేడాని రిజిస్టర్‌లో రాయించి, కింద తనూ సంతకం పెట్టారు. "నేను క్యాష్‌లో ఉన్నప్పుడు ఎనిమిది వేలు కట్టాను, మా ఆయనకి ఇప్పటికీ తెలీదు" అన్నారు. అంత టెన్షన్‌లోనూ నవ్వొచ్చింది.

మా ఆయనకి నేను చెప్పేశాను. నెల మొదట్లోనే అయిదు వేలు ఎక్కడ సర్దాలో ఇద్దరికీ తోచలేదు. ఈ నెల చీటీ కట్టడానికి వారం గడువు అడగాలి.